పింగాణీ కప్పు ఎవరికి?



ఇంటిలో ఉన్న మంచి పింగాణీ సామానును రోజూ వాడుకోవాలా, లేక బీరువాలో భద్రపరచుకోవాలా అనే ప్రశ్న స్త్రీల సమాజపు కూటాలలో అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. ఇది వంటింటి మాట, సంఘ పత్రికలో దీనికి చోటేమిటని కొందరు సహోదరులు నవ్వవచ్చు. పరిశుద్ధ గ్రంథంలో పాత్రల సంగతి ఎన్ని చోట్ల వచ్చిందో జ్ఞాపకం చేసికొంటే ఆ నవ్వు ఆగుతుంది. పైగా మనవంటి వారికి కప్పు ఎన్నడూ ఉత్త కప్పు కాదు. ఆ మాట తరువాత చెబుతాను.

నాకు తెలిసిన అనేక తెలుగు క్రైస్తవ గృహాలలో ముందు గదిలో గాజు తలుపుల బీరువా ఒకటి ఉంటుంది. అందులో బంగారు అంచు కప్పులు ఆరు, సాసర్లు ఆరు, ఒక టీ కెటిలు, పాలకు చక్కెరకు రెండు చిన్న పాత్రలు. ఒకరికి అది పెండ్లి కానుక. ఇంకొకరికి నాయనమ్మ నెల్లూరు జిల్లా నుండి రైలులో ఒడిలో పెట్టుకొని తెచ్చినది. కోలారు బంగారు గనుల ఊళ్ళలో అయితే, 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనపరచుకొన్న తరువాత దొరలు ఖాళీ చేసిన బంగళాల నుండి చేతులు మారి వచ్చిన సెట్టు అని చెప్పుకొనే కుటుంబాలున్నవి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడి జనం బెంగుళూరు దారి పట్టినప్పుడు, మంచాలు అమ్ముకొన్నవారు కూడ ఆ కప్పులను మాత్రం పాత వార్తాపత్రికలలో చుట్టి తమతో తీసికొని పోయారు.

అటువంటి దానిని దాచుకోవడం తప్పని నేను అనను. తల్లి చేయి తగిలిన వస్తువు పగిలితే ఆ తల్లి మళ్ళీ ఒకసారి పోయినట్లుంటుంది. అద్దె ఇండ్లు మారే వారికి, చిన్నపిల్లలున్న వారికి స్టీలు గ్లాసు చేసే మేలు తక్కువది కాదు. ప్రత్యేకించడం అనేది కూడ దేవుడు ఎరిగినదే. యెరూషలేము మందిరపు పాత్రలను ఎవరూ ఇంటి గంజికి వాడలేదు. క్రిస్మసు బట్టలు రోజూ కట్టుకొంటే క్రిస్మసు ఉదయానికి ఏమి మిగులుతుంది?

అయితే దాచుటలో రెండు విధాలున్నవి. ఒకటి రోజును బట్టి దాచుట, రెండవది మనిషిని బట్టి దాచుట.

మొదటిదానిని గూర్చి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. వలస వచ్చిన వారికి ఒక అలవాటు ఉంటుంది. మంచివన్నీ మూటగట్టి, ఊరికి తిరిగి పోయినప్పుడు విప్పుదామనుకోవడం. బబులోనులో చెరనున్న వారిది కూడ ఇదే ఆలోచన. అందుకే గదా యిర్మీయా వారికి ఉత్తరం వ్రాసి, అక్కడే ఇండ్లు కట్టుకొమ్మని, తోటలు నాటి వాటి ఫలములు తినుమని చెప్పాడు! మన తాతల ఊరు ఇప్పుడు మన పిల్లలకు సెలవులలో చూసి వచ్చే ఊరు. షోలాపురులోను, బరంపురములోను, మద్రాసులోను మూడవ తరము, నాల్గవ తరము పుట్టి పెరిగింది. ఇంకా ఏ ఊరికి పోయి ఆ మూట విప్పుతాము? పెండ్లి రోజో, మనుమరాలు పరీక్ష ప్యాసైన రోజో, ఏదో ఒక రోజున ఆ కప్పులు బల్ల మీదికి రావాలి.

ఇక రెండవది. ఇదే నన్ను కలం పట్టించింది.

ఒక సంఘంలో ఆరాధన అయిన తరువాత టీ ఇస్తారు. అసోసియేషన్ నుండి పెద్దలు వస్తే బంగారు అంచు కప్పులు. సంఘ సభ్యులకు స్టీలు గ్లాసులు. పాలమూరు నుండి కట్టడపు పనికి, శ్రీకాకుళం నుండి ఇటుక బట్టీలకు ఈ మధ్య వచ్చి, తెలుగు పాట వినబడితే వెదకుకొంటూ మన గుడికి వచ్చిన కూలీలకు కాగితపు కప్పులు. ఎవరూ తీర్మానం చేసి పెట్టిన పద్ధతి కాదది. అడిగితే, "శుభ్రత కోసమండీ" అన్నారు. శుభ్రత కోసమే అయితే కాగితపు కప్పు పెద్దలకు కూడ ఇవ్వవచ్చును గదా.

తమిళనాడులోను, కర్ణాటకలోను, మన ఆంధ్ర జిల్లాలలోను టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఒకటి ఉండేది. లోపలి వారికి ఒక గ్లాసు, చూరులో గుచ్చిన గ్లాసు మన వారికి. తాగి, మన గ్లాసు మనమే కడిగి అక్కడే పెట్టాలి. కొన్ని చోట్ల గ్లాసు కూడ లేదు, కొబ్బరి చిప్పే. 1950లో రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనమును రద్దు చేసింది. కొట్టు వానికి ఆ సంగతి చేరడానికి చాలా ఏండ్లు పట్టింది, కొన్ని ఊళ్ళకు ఇంకా పూర్తిగా చేరలేదు. ఆ చూరు గ్లాసును చూచిన కండ్లు మన సంఘాలలో నేటికీ ఉన్నవి. మనకు కప్పు ఉత్త కప్పు కాదని పైన అన్నది ఇందుకే.

పాత్రకు మైల అంటుతుందన్న తలంపు ఎక్కడిదో ఆలోచించండి. ఇత్తడి చెంబును చింతపండు, బూడిద పెట్టి తోమితే శుద్ధియగునని, మట్టి పాత్రకు అంటు తగిలితే పారవేయవలెనని మన దేశపు ఆచారం. లేవీయకాండములో కూడ దీనికి దగ్గరి విధి కనబడుతుంది. మంటి పాత్ర అపవిత్రమైతే పగులగొట్టాలి, చెక్క పాత్రను కడుగవచ్చును. పింగాణీ వచ్చినప్పుడు ఆచారవంతులకు అది చిక్కు తెచ్చింది. మట్టే గాని నీరు పీల్చదు, గాజువలె నున్నగా ఉంటుంది. దానిని ఏ వరుసలో చేర్చాలి? చాలా ఇండ్లలో లోపలికే రానివ్వలేదు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. పింగాణీలో మిక్కిలి శ్రేష్ఠమని పేరు పొందిన బోన్ చైనాను 18వ శతాబ్దపు చివరి ఏండ్లలో ఇంగ్లండులో జోసయ్య స్పోడ్ అనే కుమ్మరి ఒక స్థిరమైన పాళ్ళకు తెచ్చాడు. అందులో దాదాపు సగం పాలు కాల్చిన పశువుల ఎముకల బూడిదే. ఆ తెలుపు, దీపానికి ఎదురుగా పట్టుకొంటే వ్రేళ్ళ నీడ కనబడే ఆ పలుచదనము అందుచేతనే. చచ్చిన పశువును ముట్టుకొన్నారని మన పెద్దలను ఊరి వెలుపల ఉంచిన దేశంలో, అదే పశువు ఎముకతో చేసిన కప్పు గొప్పింటి బల్ల మీద అలంకారమయింది! వస్తువులో మైల లేదని దీనికన్నా ఏ ఉపాధ్యాయుడు బాగా పాఠం చెప్పగలడు?

సుఖారు బావి యొద్ద మన ప్రభువు చేసినది చూడండి. ఆయన చేతిలో చేదుకొనుటకు పాత్ర లేదని ఆ సమరయ స్త్రీయే గమనించింది. అట్లయితే ఆయన ఎవరి పాత్రతో త్రాగగోరినట్లు? ఆమె కుండతోనే. యూదులు సమరయులతో సాంగత్యము చేయని కాలమది. ప్రసంగాలలో జీవజలమును గూర్చి ఎక్కువగా చెబుతాము, అది చెప్పవలసినదే. ఆ కుండను గూర్చి కూడ కొంచెం చెప్పాలని నా మనవి.

మన బాప్తిస్టు చరిత్రలో కూడ ఇటువంటి బావి ఒకటి ఉన్నది. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండ వచ్చిన కొత్తలో, మాదిగ వారిని చేర్చుకొంటే తాము రామని పై కులముల వారు కొందరు ఖండితంగా చెప్పారు. ఏమి చేయాలో తోచక ఆయన ఒక గదిలోను, దొరసానిగారు మరియొక గదిలోను వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరి కండ్లూ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, లోకము ఎన్నిక చేయని వారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న భాగము మీదనే పడ్డాయని ఆయన వ్రాసికొన్నారు. అక్కడి నుండి ఆ ఇద్దరి మనస్సులు తిరుగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెలుంపిల్లి యొద్ద ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ నీటిలో పెద్దలకొక రేవు, కూలీలకొక రేవు లేదు. ఆ 2,222 మందిలో అధికులు కరవులో నలిగిన కూలి జనమే. నేడు కాగితపు కప్పు పట్టుకొని గుడి వసారాలో నిలబడిన పాలమూరు తమ్ముడికి, ఆనాటి మన ముత్తాతకు భేదం నాకు కనబడదు. మనం ముందు వచ్చాము, అతడు వెనుక వచ్చాడు, అంతే.

కప్పులను వాడితే చాలు, సంగతి సరిపోయిందని కూడ అనుకోవద్దు. బెల్షస్సరు వాడలేదా? నెబుకద్నెజరు దాచి ఉంచిన మందిరపు పాత్రలను తెప్పించి, తన అధిపతులకు తన గొప్ప చూపించుకొన్నాడు. అదే రాత్రి గోడ మీద వ్రాత కనబడింది. హిజ్కియా వాడలేదు, బబులోను రాయబారులకు చూపించాడు. గాజు బీరువా పెట్టేవారు ఆ అధ్యాయమును ఒకసారి చదివితే మంచిది. కోరెషు ఏలుబడిలో తిరిగి యెరూషలేముకు పంపబడిన పాత్రలు 5,400 అని ఎజ్రా లెక్క వ్రాశాడు. అన్ని ఏండ్లు ఎవరి కొట్టులోనో పడియుండి, చివరకు అవి ఏ పనికి చేయబడ్డాయో ఆ పనికి పోయాయి.

పగిలిపోతాయన్న భయము సంగతి. ఇది నిజమే, కొన్ని పగులుతాయి. మరిగే టీ పోయకముందు కప్పును గోరువెచ్చని నీటితో తడపండి. పీచుతో గాక మెత్తని గుడ్డతో కడగండి. సాసరుకు సాసరుకు మధ్య కాగితం పెట్టండి. బంగారు అంచు కప్పును మైక్రోవేవ్‌లో పెట్టవద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. ఇంతమాత్రం చేస్తే అవి మనకన్నా ఎక్కువ కాలమే ఉంటాయి. ఒక సహోదరి అన్నట్లు, పగిలిన కప్పును గూర్చి ఏడ్చిన ఇల్లు ఉన్నది గాని, దానివలన కూలిన ఇల్లు లేదు.

ప్రభువు బల్లలో మనం వాడే చిన్న గాజు గిన్నెల సంగతి మీకు తెలుసు. 1890లలో రోగభయము చేత అమెరికాలో మొదలైన పద్ధతి అది. ఒక్క గిన్నెలో అందరూ త్రాగుట పోయిందని విచారించే వారున్నారు, వారి విచారములో న్యాయమున్నది. అయినా ఆ పళ్ళెములో గిన్నెలన్నీ ఒకే తీరున ఉంటాయి. పరిచారకుడు పళ్ళెము చాచినప్పుడు ఏ గిన్నె ఎవరిదో ముందుగా నిర్ణయించబడి ఉండదు. ఆరాధన ముగిసిన అరగంటకు వసారాలో టీ పళ్ళెము వచ్చేసరికి మాత్రం ఏ కప్పు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది.

పైన చెప్పిన సంఘంలో బంగారు అంచు కప్పులు ఇరువది నాలుగే ఉన్నవి, టీకి నిలిచేవారు అరువది మంది. చాలవని స్త్రీల సమాజపు వారు అన్నారు. తెల్లని మామూలు పింగాణీ కప్పులు ముప్పది ఆరు కొని, పాతవాటితో కలిపి ఒకే పళ్ళెములో పెట్టమని, ఎవరి చేతికి ఏది వస్తే అది తీసికొనేటట్లు చేయమని నేను చెప్పాను. కడిగే పని ఎవరిదన్న దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది. ఈ నెల సహోదరుల వంతు అని వ్రాసిన చీటీ ఒకటి మాత్రం వంటగది తలుపుకు అంటించియున్నది.