మూడేళ్లకు అంత తొందరేం?

బాసర వెళ్లి అక్షరాభ్యాసం చేయించుకొచ్చిన మర్నాడే చాలా ఇళ్లలో మొదలయ్యే చర్చ, పిల్లాణ్ని ఏ ప్లేస్కూల్లో వేద్దామని. ఇంట్లోనే నేర్పుకుంటే ఏం పోతుందని అడిగేవాళ్లూ కొందరున్నారు. నన్నడిగితే, ఏమీ పోదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి. 2020 జాతీయ విద్యావిధానమైతే మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటలకే పెద్దపీట వేసింది.

మొదలు ఎక్కడంటారా? వంటింట్లో. ఒక పళ్లెంలో శనగలు, చిక్కుడు గింజలు, చింతపిక్కలు కలిపి పోసి వేరుచేయమనండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ జారిపోతుంటే పాప నాలుక బయటపెట్టి మరీ పట్టుకుంటుంది. రేపు పెన్సిల్ పట్టాల్సింది ఆ వేళ్లే కదా! మీరు మాత్రం పక్కనే కూర్చోండి, చింతపిక్క ముక్కులో దూర్చుకునే వయసది. కాస్త పెద్దయ్యాక వామనగుంటల పీట దించండి. గుంటకిన్ని అని పంచడంలోనే లెక్క మొదలవుతుంది.

వకీలు వృత్తి మానుకొని 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా కథల్నీ ఆటల్నీ ఇలాగే చదువులోకి తెచ్చారు.

అయితే తోటిపిల్లల సావాసం ఇల్లు ఇవ్వలేదు. సాయంత్రం వీధిలోకో, పార్కుకో పంపాల్సిందే. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఇదంతా కుదరదంటే అంగన్‌వాడీ ఉంది, అందులో నామోషీ ఏమీ లేదు. ఎక్కడ చదివించినా, ఈ రాత్రి ఫోను పక్కన పెట్టి ఒక కథ చెప్పండి.