ఊదే పరీక్ష

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో నాలుగడుగులకే ఆగి రొప్పే పెద్దవాళ్లను పలకరిస్తే, "వయసైంది బిడ్డా, దమ్ము రాకుంటే ఎట్ల?" అంటారు. కట్టెల పొయ్యి ముందు బతుకు గడిపిన అమ్మదీ అదే మాట. ఆమె బీడీ ముట్టలేదు. పొగే వంటింట్లో ఆమెను పట్టుకుంది. గోదావరిఖని, మందమర్రి గనుల కార్మికులకు గడువు ప్రకారం వైద్య పరీక్ష నిబంధనల్లోనే ఉంది. పొయ్యి ముందున్న అమ్మకు అలాంటి గడువేదీ లేదు.

ఈ దమ్ము సంగతి తేల్చే ఊదే పరీక్షే స్పైరోమెట్రీ. అందులో సూది ఉండదు. నిండుగా గాలి పీల్చి గొట్టంలోకి బలంగా ఊదాలి. శ్వాసనాళాలను తెరిచే మందు పీల్చాక కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతానికి తక్కువైతే, ఆ నాళాలు ఇరుకయ్యే జబ్బు ఉన్నట్టు.

అయినా జనం జంకుతారు. టీబీ అంటారేమో, పని పోతుందేమో, ఒకనాటి కూలి పోతుందే! ఇవి న్యాయమైన భయాలు. డాక్టరు ముందుగా వీటికే జవాబు చెప్పాలని నా గట్టి నమ్మకం.

"నయం కాని ఈ జబ్బు ముందే తెలిస్తే ఏం లాభం?" అనీ అడుగుతారు. పోయిన ఊపిరి తిరిగిరాదు, నిజమే. కానీ బీడీ ఏ వయసులో మానినా నష్టం నెమ్మదిస్తుంది, ఇన్‌హేలర్‌తో ఆయాసం తగ్గుతుంది. ఏ బాధా లేనివారందరికీ ఈ పరీక్ష అక్కర్లేదని అమెరికా నిపుణుల బృందం 2022లోనూ చెప్పింది. దగ్గు, దమ్ము ఉన్నవారి సంగతి వేరు.

రెండు వారాలు దాటిన దగ్గుకు సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష ఉచితం. టీబీ లేదని తేలినా దమ్ము తగ్గకపోతే, ఊదే పరీక్ష ఎక్కడ చేస్తారో అక్కడే అడగండి.