కిటికీలో కూర్చున్న చిన్నవాడు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 20:7–12



త్రోయలో మేడగదిలో కూడిక జరుగుచున్నది. తెల్లవారితే పౌలు ప్రయాణమై పోవలెను. గనుక మధ్యరాత్రి దాటినను ప్రసంగము ఆపలేదు. గదిలో చాలా దీపములున్నవని లూకా వ్రాసెను. ఆ దీపముల సంగతి ఆయన ఊరకే వ్రాయలేదని మాకు తోచుచున్నది. ఆయన వైద్యుడు గదా! నూనె దీపముల పొగ, వేడి, జనముతో నిండిన గది. ఐతుకు అను చిన్నవాడు గాలి కొరకు కిటికీలో కూర్చుండెనేమో. నిద్ర ఆపుకొనలేక మూడవ అంతస్తు నుండి క్రింద పడెను.

ఇక్కడ పౌలు ఏమి చేసెనో చూడండి. వాక్యము చెప్పుచుండగా నిద్రపోయినవాడు ఎవడని అడుగలేదు. వీని తల్లిదండ్రులెవరని విచారింపలేదు. క్రిందికి దిగివెళ్ళి వానిని కౌగిలించుకొనెను. ఆ తరువాతనే పైకి వచ్చి రొట్టె విరిచెను.

మేము ఈ మాట వ్రాయుట మా తప్పు ఒప్పుకొనుటకే. కొంతకాలము క్రిందట మా సండేస్కూలులో పదేండ్ల పిల్లవాడొకడు ప్రతి ఆదివారము నిద్రపోవుచుండెను. కంఠతవాక్యము అప్పగించలేడు. పాట పాడునప్పుడు తల వ్రాల్చును. మేము వానిని లేపి నిలువబెట్టితిమి. రెండు మూడు వారములు అందరి ముందు గద్దించితిమి. "దేవుని సన్నిధిలో నిద్రా?" అని అడిగితిమి. వాడు ఏమీ చెప్పలేదు. నాలుగవ వారము రాలేదు.

ఎందుకు రాలేదో తెలిసికొనుటకు ఇంటికి వెళ్ళితిమి. రాత్రి తొమ్మిది దాటినది. ఒకే గది. మధ్యలో నడుము ఎత్తున జీన్స్ పంట్లాముల కుప్ప. తండ్రి ఆలూరు వైపు పల్లె విడిచి వచ్చి బళ్ళారిలో కుట్టుపని చేయుచున్నాడు. కుట్టిన పంట్లాములకు వ్రేలాడు దారములు కత్తిరించుట తల్లికి ఇంటి వద్ద పని. పంట్లాముకింత అని లెక్క. పిల్లవాడు తల్లి ప్రక్కన కూర్చుండి చిన్న కత్తెరతో దారములు త్రుంచుచున్నాడు. "శనివారము రాత్రి పన్నెండు దాటుతుందండీ, ఆదివారం పొద్దున లెక్క ఒప్పజెప్పాలి" అని ఆ తల్లి చెప్పెను. పొద్దున వాడు టీలో బన్ను ముంచుకొని తిని గుడికి పరుగెత్తుకొని వచ్చెడివాడట. మాకు నోట మాట రాలేదు. మూడు వారములు మేము గద్దించినది సోమరిపోతును కాదు, రాత్రి పనిచేసి వచ్చిన కూలివానిని.

ఆ తల్లిదండ్రులను నిందించుటకు ఇది వ్రాయుటలేదు. అద్దె, అప్పు, పైవారము పని ఉండునో ఉండదో అను భయము మీలో చాలమందికి తెలిసినదే. అయినను మేము ఆ రాత్రి వారితో చెప్పినదే మీతోను చెప్పుచున్నాము. ఆరు మొదలు పన్నెండేండ్ల పిల్లలకు రాత్రి 9 నుండి 12 గంటల నిద్ర కావలెను. పదమూడు దాటినవారికి 8 నుండి 10 గంటలు. ఇది సుఖము కాదు, వారి ఆహారము వంటిదే. చదివినది మెదడులో నిలుచుట నిద్రలోనే. నిద్ర తక్కువైన పిల్లవానికి కోపము, ఏడుపు, చదువులో వెనుకబాటు వచ్చును. దానిని మనము మొండితనమని పిలిచి కొట్టుచున్నాము.

ఆహారపు సంగతి. యాయీరు కుమార్తెను ప్రభువు లేపిన వెంటనే ఏమి చెప్పెను? ఆమెకు తినుటకు ఏదైన పెట్టుమనెను (మార్కు 5:43). పన్నెండేండ్ల పిల్ల మరణమునుండి లేచినది, ఇల్లంతయు విస్మయములో ఉన్నది, ఆ పిల్లకు ఆకలి అగునని జ్ఞాపకము చేసికొన్నవాడు ఆయన ఒక్కడే. మన సంఘముల చరిత్రలోను ఇట్టి సంగతి ఉన్నది. 1876–78 మహాకరవులో, మన బళ్ళారి ప్రాంతము కూడ మిక్కిలి నలిగిపోయిన ఆ కరవులో, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్న వేలమందికి కూలిపని ఇచ్చెను. అన్నము కొరకు వచ్చువారికి బాప్తిస్మమియ్యకూడదని ఆ కాలమంతయు బాప్తిస్మములు ఆపివేసెను. 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందు కాలువగట్టున కూలి, కూడు ఉన్నవని చెప్పుట మరతుము.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమందు అయిదేండ్లలోపు పిల్లలలో 67 శాతమునకు రక్తహీనత ఉన్నట్లు తేలినది. రక్తము తక్కువైన పిల్లలు త్వరగా అలసిపోవుదురు, పాఠము మీద మనస్సు నిలుపలేరు. దీనికి ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. రాగిసంకటి, జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, గుప్పెడు వేరుసెనగలు, బెల్లపు ముక్క, దొరికినప్పుడు గుడ్డు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుడి. భోజనముతోపాటు టీ ఇయ్యకుడి, అన్నములోని ఇనుమును శరీరము గ్రహింపకుండ టీ అడ్డుపడును. చిప్స్ పొట్లము కొనిచ్చు డబ్బుతో వేరుసెనగలు వచ్చునని లెక్క చూచుకొనుడి. కర్ణాటక సర్కారు బడులలో 2013 నుండి పాలు ఇచ్చుచున్నారు. 2021 డిసెంబరులో మన జిల్లాతో సహా కొన్ని జిల్లాలలో గుడ్డు కూడ మొదలుపెట్టిరి. పని ఉన్నదని పిల్లలను బడి మాన్పించునప్పుడు ఆ పాలు, గుడ్డు కూడ మాన్పించుచున్నామని తెలిసికొనవలెను. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలోను అంగన్‌వాడీలోను ఇచ్చు నులిపురుగుల మాత్ర వేయింపుడి. భోజనమునకు ముందు, దొడ్డికి పోయివచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడుగుట నేర్పుడి. ఇది మీకందరికి తెలిసినదే.

ఆటను గూర్చి మన విశ్వాసులలో ఒక విచిత్రమైన తలంపు ఉన్నది. ఆడుకొను పిల్లవాడు చెడిపోవుచున్నాడనుకొందురు. జెకర్యా 8:5 చదువుడి. దేవుడు యెరూషలేమును తిరిగి కట్టునప్పుడు ఆ పట్టణపు వీధులు ఆడుకొను మగపిల్లలతోను ఆడపిల్లలతోను నిండియుండునని ప్రవక్త చెప్పెను. ఆడపిల్లలతో కూడ అని గమనింపుడి! పిల్లలు దినమునకు ఒక గంటయైనను పరుగులెత్తవలెనని వైద్యులు చెప్పుచున్నారు. మన ఊరి ఎండలు ఏప్రిల్, మే నెలలలో నలుబది డిగ్రీలు దాటును గనుక ఉదయము, సాయంకాలము విడువుడి. సీసాతో నీళ్ళు ఇయ్యుడి. ఫోను చేతికిచ్చి గదిలో కూర్చుండబెట్టుట మనకు సులభమే. పని ఆగదు, పిల్ల ఏడవదు. పడుకొను వేళకు ముందైనను ఆ ఫోను తీసి ప్రక్కన పెట్టుడి.

మనస్సు సంగతి దీనికంటె కష్టము. మన పిల్లలు బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. బడిలో వీరి కన్నడమును చూచి నవ్వుదురు. సెలవులకు ఆదోని వెళ్ళితే అక్కడి చుట్టములు వీరి తెలుగును చూచి నవ్వుదురు. ఒక పిల్ల మాతో, "పాస్టరంకుల్, ఎక్కడైనా నోరు మూసుకుంటే మంచిది" అన్నది. దానికి తొమ్మిదేండ్లు. తండ్రులు పిల్లల మనస్సు క్రుంగునట్లు కోపము రేపవద్దని పౌలు కొలొస్సయులకు వ్రాసెను (3:21). సాయంకాలము ఇంటికి రాగానే మార్కులడుగుటకు ముందు, ఈ దినము ఎవరితో ఆడుకొన్నావని అడుగుడి. జవాబు రాకపోయినను మరునాడు మరల అడుగుడి.

పిల్లవాడు తినక, నిద్రపోక, చచ్చిపోవుదునని మాటలాడినయెడల దయ్యమనియు అవిశ్వాసమనియు చెప్పకుడి. ఏలీయా బదరీవృక్షము క్రింద అదే మాట చెప్పెను. దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్ళును పెట్టించెను, మరల నిద్రపోనిచ్చెను, మరల పెట్టించెను (1 రాజులు 19). ప్రార్థన చేయుడి, వైద్యునియొద్దకు కూడ తీసికొనిపోవుడి. 14416 నంబరుకు ఫోను చేసినయెడల తెలుగులోను కన్నడములోను ఉచితముగా మాటలాడువారున్నారు. పిల్లలకు హాని జరుగుచున్నదని తెలిసినయెడల 1098.

పిల్లలను అవ్వతాతలయొద్ద విడిచి వచ్చినవారు మీలో అనేకులు. హన్నా దూరముననున్న సమూయేలుకు ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చెడిది. మీలో కుట్టుపనివారికి ఇది బాగుగా తెలియును, కొలత తెలియక అంగీ కుట్టలేము. ఏడాదిలో వాడు ఎంత పెరిగియుండునో ఆ తల్లి మనస్సులో లెక్క వేసికొనియుండును. మీరు డబ్బు పంపు ఫోనులో ఎత్తు, బరువు, ఏమి తినిరి, ఎన్నింటికి పడుకొనిరి అని కూడ అడుగుడి.

ఆ పిల్లవాని ఇంటి వారితో మాటలాడి, శనివారపు లెక్క తొమ్మిది గంటలకు ఆపునట్లు ఒప్పించితిమి. తగ్గిన పనిలో కొంత సంఘములోని ఇద్దరు స్త్రీలు పంచుకొనిరి, కూలి మాత్రము ఆ తల్లికే. మూడు వారములు జరిగినది, నాలుగవ వారము జరుగలేదు, మరల జరిగినది. సండేస్కూలును ఎనిమిదింటి నుండి తొమ్మిదిన్నరకు మార్చితిమి. ముందుగా రాగిజావ, వేరుసెనగలు పెట్టుచున్నాము. మొదటి ఆదివారమే వానిని పిలిచి క్షమాపణ అడిగితిమి. వాడు సిగ్గుపడి జావ గ్లాసులోనికి చూచుచుండెను. గత ఆదివారము దావీదు కథ మధ్యలో వాడు మరల నిద్రపోయెను. టీచరు వాని తల క్రింద తన సంచి పెట్టి, కథ కొంచెము మెల్లగా చెప్పెను.