మజిలీకి ఒక్క వింత

కరీబియన్ సముద్రానికి తూర్పు అంచున దీవులు పూసల దండలా వరసగా ఉంటాయి. సెయింట్ కిట్స్, ఆంటిగ్వా, డొమినికా, మార్టినిక్, సెయింట్ లూసియా, బార్బడోస్, గ్రెనడా. ఒకదాని నుంచి ఇంకోదానికి ఓడ రాత్రికి రాత్రే చేరుకుంటుంది. అందుకే ప్యూర్టో రికోలోని శాన్ హువాన్ నుంచో, బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ నుంచో బయలుదేరే వారం రోజుల క్రూయిజ్‌లలో నడిసముద్రంలో తీరిగ్గా గడిచే పగళ్లు చాలా తక్కువ. పొద్దున ఏడెనిమిదింటికి రేవు, సాయంత్రం ఐదారింటికి లంగరు ఎత్తడం, తెల్లారితే మరో రేవు. ఇలాంటివి రెండు వెంటవెంటనే కలిపి పద్నాలుగు రాత్రులకు టికెట్టు తీసుకునేవారూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు, చూడవచ్చిన అమ్మానాన్నలను ఓడ ఎక్కించడం ఇప్పుడు వింతేమీ కాదు. పది రేవులుంటే పదింటిలోనూ దిగాలా? దిగిన ప్రతి చోటా అన్నీ చూడాలా? ఇది ప్రయాణ సలహాదారుల ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, మనవాళ్లు ఏనాడో దీన్ని ధర్మం కిందికి చేర్చారు.

భగవద్గీత ఆరో అధ్యాయం ధ్యానం గురించి చెబుతూ, మధ్యలో తిండి, నిద్రల ముచ్చటకు దిగుతుంది. 16, 17 శ్లోకాల సారం ఇంతే: అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదు. ఆహారంలో, విహారంలో, పనిలో, నిద్రలో, మెలకువలో తగుపాటిగా ఉండేవాడికి అది దుఃఖాన్ని పోగొడుతుంది. ఆహారం పక్కనే విహారాన్ని నిలబెట్టడం గమనించాలి. ఈ రెండింటికీ ఒకటే కొలత. ఓడలో భోజనశాల పొద్దుటి నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటుంది. అక్కడ పెట్టిన వంటకాలన్నీ తిని తీరాలని బుద్ధిమంతుడెవడూ అనుకోడు. దీవుల విషయానికొచ్చేసరికి మాత్రం ఆ బుద్ధి ఏమైపోతుందో తెలియదు. ఇంతకీ విహారమంటే మొదట తిరగడం. ఆ మాటే బౌద్ధంలో భిక్షువులు నిలిచి ఉండే చోటుకు పేరైంది. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగే భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకచోట కదలకుండా ఉండాలన్నది వారి నియమం. విశాఖ తీరంలో సముద్రాన్ని చూస్తూ నిలిచిన తొట్లకొండ, బావికొండ విహారాలు అలాంటి నివాసాలే. తిరగడానికీ ఆగడానికీ ఒకే మాట చాలిందంటే, ఆగడం తిరుగుడులో భాగమేనని అర్థం.

మన యాత్రల లెక్క చూసినా ఇదే తేలుతుంది. క్షేత్రానికి వెళ్లినవాళ్లను పెద్దవాళ్లు ‘ఎన్ని గుళ్లు చూశారు?’ అనేవారు కాదు, ‘ఎన్ని నిద్రలు చేశారు?’ అనేవారు. కాశీలో తొమ్మిది నిద్రలు, మరోచోట మూడు నిద్రలు, కనీసం ఒక్క రాత్రి. చోటు ఒంటికి పట్టాలంటే అక్కడ కన్ను మూసి తెరవాలన్నది ఆ లెక్కలోని మర్మం. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పదిహేను నెలల ఆ ప్రయాణాన్ని ఆయన మజిలీ మజిలీగా రాసుకున్నాడు. బాట ఎలా ఉంది, నీళ్లున్నాయా, దినుసులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అన్నవి ఆ పుస్తకంలో అడుగడుగునా కనిపిస్తాయి. అంటే మజిలీ అన్నది మొదట ఒళ్లు వాల్చే చోటు, ఆ తర్వాతే చూసే చోటు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలను అల్లిన తీరు ఇంకా ముచ్చటైనది. కాశీకి పోయే మణిసిద్ధుడి వెంట వచ్చే పశులకాపరి కుర్రాడు, మజిలీ చేసిన చోట తన కంటబడిన వింత ఏదో చెప్పి దాని కథ అడుగుతాడు. వంట, భోజనం, ఆపైన ఆ కథ. ఊళ్లోని వింతలన్నీ చుట్టిరావాలన్న పట్టుదల ఆ కుర్రాడికి లేదు. మజిలీకి ఒక్క వింతే పన్నెండు సంపుటాలకు సరిపోయింది.

ఈ కొలతను ఆ దీవులకు పెట్టి చూడండి. డొమినికాలో బాయిలింగ్ లేక్ అని అగ్నిపర్వతపు వేడికి సలసల మరిగే సరస్సు ఉంది. అడవిలో ఎక్కుతూ దిగుతూ పోయి రావడానికి ఆరు గంటలకు తక్కువ పట్టదు. సెయింట్ లూసియాలో జంట శిఖరాలైన పితోన్లున్నాయి. వాటిలో పెద్దదాన్ని ఎక్కి దిగడానికి నాలుగైదు గంటలు, దానికి తోడు కాస్ట్రీస్ రేవు నుంచి మెలికల ఘాట్ రోడ్డు. సెయింట్ కిట్స్‌లో బ్రిమ్‌స్టోన్ హిల్ కోట, ఆంటిగ్వాలో నెల్సన్ డాక్‌యార్డ్. దేనికదే చూడదగింది, అన్నీ యునెస్కో వారసత్వ జాబితాలోనివే. వీటిని నాలుగు రోజుల్లో నాలుగుగా పేర్చుకున్నవాడు నాలుగో రోజు కోట మీద నిలబడి చూసేది కోటను కాదు, గడియారాన్ని. పైగా ఓడ గడువు దాటితే సొంతంగా తిరగబోయినవారి కోసం ఆగదు. చరక సంహిత ఆపుకోకూడని వేగాలు పదమూడని లెక్కపెట్టింది. ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్రలతో పాటు అలసటవల్ల వచ్చే ఆయాసం కూడా అందులో ఉంది. ఉక్కపోతలో మెట్లెక్కుతూ రొప్పును దిగమింగుకునే అరవై ఐదేళ్ల తండ్రి, పిల్లలు ఇంత ఖర్చు పెట్టారు కదా అని నోరెత్తడు. ఆయన మౌనాన్ని సమ్మతి అనుకోవడం పొరపాటు. కుటుంబంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగే మొత్తం గుంపుకు కొలబద్ద కావాలి. ఓడ దిగాక కూడా కొందరికి నేల ఊగుతున్నట్టు అనిపించడం మామూలే. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. కాలు ఒడ్డున ఉన్నా ఒళ్లు ఇంకా నీటి మీదే ఉందన్నమాట. మనసు సంగతి చెప్పాలా? అది నిన్నటి దీవిలోనే ఉండిపోయి ఉంటుంది.

ఇంత డబ్బు పోసి ఓడలో కూర్చోవడమా, మళ్లీ వస్తామా చస్తామా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. కానీ దిగినా దిగకపోయినా పోయిన డబ్బు పోయిందే. దానికి జోడించి ఓపికను కూడా పారబోయడం ఏ లెక్కలో లాభం? మూడు రేవులకొకటి వదిలేసి, జనమంతా దిగిపోయి ఖాళీ అయిన ఓడ పైఅంతస్తులో నీడపట్టున కూర్చుని, కొండల మీద మబ్బు కదలడం చూసినవాడు కూడా ఆ దీవిని చూసినట్టే. మళ్లీ రాలేమన్న భయమే నిజమైతే, ఒక్కసారికే దక్కే చోటును పరుగున దాటిపోవడం మరింత అన్యాయం.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఆ దీవుల్లో ఎంతోమంది ఓడ జనాన్ని నమ్ముకునే బతుకుతున్నారు, మీరు దిగకపోతే వాళ్ల గతేమిటని. కాదనను. అయితే రేవు గేటు దగ్గర అయస్కాంతపు బిళ్లలు కొని బస్సెక్కి పరుగెత్తేవాడికన్నా, ఒక్క టాక్సీ డ్రైవరుతో పూట గడిపి, ఊళ్లోని చిన్న హోటల్లో తిని, రెండు మాటలు వినివచ్చేవాడే ఎక్కువ ఇచ్చి వస్తాడని నా అభిప్రాయం. మార్టినిక్‌నే తీసుకోండి. బానిసత్వం రద్దయ్యాక అక్కడి చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1853 మే నెలలో ఒరెలీ అనే ఓడ తొలి భారతీయ కూలీలను ఆ ఒడ్డున దించింది. ఆ తర్వాత పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఎందరో వెళ్లారు. ఆఫ్రికా కొసను చుట్టుకుని సుమారు మూడు నెలల ప్రయాణం. దీవి ఉత్తరాన బాస్-పాయింట్ వైపు వారి వారసులు నేటికీ మారియమ్మను కొలుస్తున్నారు. ఆ దీవిలో దిగిన తెలుగువాడికి ఆ రోజుకు ఆ ఒక్క గుడి చాలదా? మూడు నెలలు నీటి మీద నలిగి వచ్చినవాళ్లు నిలబెట్టుకున్న దేవతను, తర్వాతి బీచ్‌కు టైమవుతోందని పది నిమిషాల్లో దండం పెట్టి వదిలేయడం భక్తీ కాదు, విహారమూ కాదు.

యోగికి చెప్పిన మాటను షికారుకెళ్లే సంసారికి అంటగట్టడం అతి అని పండితులు అనవచ్చు. యోగం కోసం చెప్పినదే, ఒప్పుకోవాలి. కానీ ఆ శ్లోకం అతిని రెండు వైపులా కాదంటుంది. అలసిపోతామన్న భయంతో పద్నాలుగు రోజులూ క్యాబిన్ తలుపు వేసుకుని పడుకునేవాడికీ అది వర్తిస్తుంది. ఇక మన తీర్థయాత్రల్లో మాత్రం తీరిక ఎక్కడుందంటే జవాబు లేదు. నాలుగు రోజుల్లో పది క్షేత్రాలంటూ బస్సు ప్యాకేజీలు అమ్ముతున్నాం, దర్శనమయ్యీ అవకముందే డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కరీబియన్‌కు మనం నేర్పగల స్థితిలో లేము, ఇద్దరం కలిసి మణిసిద్ధుడి దగ్గర కూర్చోవలసినవాళ్లమే.

రెండు క్రూయిజ్‌లు కలిపి కొన్నవారు తరచుగా చెప్పుకునే ఫిర్యాదు ఒకటుంది. రెండో వారంలో ఏదో ఒక రేవు మళ్లీ వస్తుంది, చూసిందే చూడాలి, డబ్బు దండగ అని. నిద్రల లెక్క తెలిసినవారికి ఆ పద్నాలుగు రోజుల్లో అన్నిటికన్నా మంచి రోజు అదే. చూడవలసినవి మొదటిసారే చూసేశారు కాబట్టి ఆ రోజు చూడవలసిందేమీ ఉండదు. క్రితం వారం పరుగులో దాటిపోయిన చెట్టు కింద బెంచీ ఖాళీగానే ఉంటుంది. అమ్మను అక్కడ కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, కొబ్బరి బోండం కొట్టించుకోవచ్చు.