"చాలు" అనడం నేర్చుకుందాం



పిస్కాటవేలో ఉంటున్న మన రోజుకు ముగింపు ఉండదు. వేసవిలో ఇక్కడ ఉదయం 6 గంటలంటే ఇండియాలో మధ్యాహ్నం 3:30. మనం లేచేసరికే ఊరివాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు కుప్పగా ఉంటాయి. రాత్రి 11:30కి పడుకుందామంటే హైదరాబాదులో ఉదయం 9. అక్కడి టీమ్ అప్పుడే లాగిన్ అవుతుంది. మధ్యలో ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ చేరేదాకా రీల్స్.

ఒకప్పుడు వెబ్ పేజీకి అడుగు ఉండేది. అక్కడికి రాగానే "ఇంకా చూడాలా?" అని ఆలోచించుకునే వీలుండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేకుండా కిందికి సాగే పేజీని రూపొందించాడు. ఆగి ఆలోచించే ఆ వీలు పోయింది. తరువాత ఆయనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డాడు.

ఆదికాండములో చూడండి: సృష్టి జరిగిన ప్రతి దినానికీ అస్తమయము, ఉదయము ఉన్నాయి. పని ముగించి దేవుడు ఏడవ దినమున విశ్రమించాడు. అలసట ఎరుగని దేవుడే పనికి ముగింపు పెట్టాడు.

సరే, ఫోన్ పక్కనపెట్టి గంట మిగిల్చామనుకుందాం. దాన్నీ ఆఫీసు పనికే ఇస్తే ఇంట్లోవాళ్లకు ఒరిగేదేమిటి? లూకా 10వ అధ్యాయంలో మార్తకు ఏ చెడు అలవాటూ లేదు. ఆమె ప్రభువుకే పరిచర్య చేస్తోంది. ఆ తొందరలోనే తన ఇంటికొచ్చిన ప్రభువు మాట వినలేకపోయింది. అందుకే రాత్రి మనం వేసుకోవలసిన ప్రశ్న "ఈ రోజు ఎంత పని అయింది?" అని మాత్రమే కాదు, "ఈ రోజు ఎవరి మాట వినలేదు?" అని కూడా.

మరి అమ్మానాన్నల ఫోన్ కూడా ఆటంకమేనా? కానే కాదు. వారికోసం ఒక వేళ పెట్టుకుందాం. ఇక్కడ ఉదయం 8 అంటే అక్కడ సాయంత్రం 5:30. మనసు పెట్టి మాట్లాడే పది నిమిషాలు, రోజంతా పంపే ఎమోజీలకన్నా వారికి ఎక్కువ.

వీసా మీద ఉన్నవారికి రాత్రి మీటింగ్ వద్దనడం తేలిక కాదు. మన చేతిలో ఉన్నదానితోనే మొదలుపెడదాం. రాత్రి ఫోన్‌ను వంటగదిలో ఛార్జింగ్‌కు పెట్టి, అలారానికి చిన్న గడియారం కొనుక్కుందాం. ఉదయం మొదటి మాట ప్రార్థనలో ప్రభువుతో, రెండవది ఇంట్లోవారితో. మెసేజ్‌లు ఆ తరువాతే.

"చాలు" అనగలిగే కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.