అనుమానము

తెలుగున ‘అనుమానము’ అను మాటకు రెండర్థములు గలవు. తర్కశాస్త్రమున నది ప్రమాణము. పొగను జూచి కొండపై నిప్పు గలదని నిశ్చయించుట. మన యిండ్లలో నది శంక. ఋజువు లేకయే యొరులపై దోషము మోపుట. ఈ రెంటి భేదము నెఱుగమిచే గలుగు కీడెంతటిదో యోచింపవలసియున్నది.

అనంతపురపు మెట్టసీమలో మా బంధువులొకరు మూడు బోర్లు వేయించిరి. మూడింటను దుమ్మే లేచెను. ఆ యేడే యా యింటికి క్రొత్తకోడలు వచ్చియుండెను. “దాని కాలు మంచిది కాదు” అని యత్తగారు తీర్పు చెప్పిరి. మేము ఆ పంక్తిలోనే భుజించి, నోరు మెదపక లేచి వచ్చితిమి. ఆ మౌనమే యీ వ్యాసమునకు గారణము.

నేల లోపలి సంగతి చూడకయే తెలిసికొనవచ్చునా? నిశ్చయముగా వచ్చును. 1897 జూన్ 12వ తేదీన అస్సామునందు మహాభూకంపము గలిగెను. దానిని పరిశోధించిన భారత భూగర్భశాఖాధికారి ఓల్డ్‌హామ్, కంపతరంగములు మూడు తెఱగులని గుర్తించెను. ముందువెనుకల కదలించునది మొదట వచ్చును; అడ్డముగ నూపునది పిదప వచ్చును; నేలపై ప్రాకునది కడపట వచ్చును. దూరదేశముల కవి చేరు వేళలను బట్టి, భూమి నడుమ వేఱొక గర్భము గలదని 1906లో నాయన నిర్ణయించెను. అడ్డతరంగము లందులో మందగించునని తలచెను గాని, యది పొరపాటు. ద్రవమున నవి నడువనే నడువవు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలగు నా గర్భము ద్రవమని 1926లో జెఫ్రీస్ చూపెను. ఆ ద్రవము నడుమను మఱియొక కేంద్రము గలదని 1936లో కనుగొన్నది ఇంగె లేమన్ అను డెన్మార్కు దేశపు స్త్రీ.

మన సీమయు నీ పరీక్షకు లోనైనదే. 1970 దశకమున హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు, కావలి మొదలు ఉడిపి వఱకు సుమారు 600 కిలోమీటర్ల బారున, బోరుగుంతలలో మందు ప్రేల్చి, మరలివచ్చిన తరంగములను యంత్రములపై నెక్కించుకొనిరి. ఈ దారిని భూమిపెంకు మందము 34 మొదలు 41 కిలోమీటర్లని తేలెను.

ఈ యనుమానము గౌరవపాత్రమగుట కేమి హేతువు? అది యొక్క సాక్షిపై నిలువదు. తన మాట యెట్లయిన దప్పగునో ముందే చెప్పును. తప్పు తేలిన దిద్దుకొనును. కోడలిపై మోపిన యనుమానమున కీ మూడు గుణములును లేవు. జల పడిన మామగారి పుణ్యము. పడకున్న కోడలి పాదము! ఏమి జరిగినను తప్పని తేలనేరని మాట ప్రమాణమెట్లగును?

ఇచట నేటికి వాన సుమారు 550 మిల్లీమీటర్లే. బండరాతి నెరియలలో గాని నీరు నిలువదు. నెరియ తగిలిన జల, తప్పిన దుమ్ము. ఇందు కోడలి పాదమునకు బనియేమి?

ఇంటింట యంత్రములుండవు గదా యందురేమో. అక్కఱలేదు. ఒకరిపై దోషము మోపుటకు ముందు, “నా తలపు తప్పని యేది చూపిన నొప్పుకొందును?” అని తన్ను తానడుగుకొనిన జాలును. బదులు దొరకనిచో నోరు మూసికొనవలెను. బదులు దొరకినను, నిందపడినవారి పక్షమున నొక్క మాటైన బలుకవలెను. ఆ మాట నాడు మేము పలుకలేదు. ఆ బిడ్డకు మేము ఋణపడియున్నాము.