పొత్తు, విందు, పూటకూడు: మిత్రగోష్ఠి సుఖంలోని నైతికత

వ్యాస సంగ్రహం

మిత్రులు కలిసి తినడం, తాగడం కేవలం భోగమా, లేక దానికి నైతికమైన విలువ ఏదైనా ఉందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. విందు, పొత్తు, ఉప్పు అనే తెలుగు మాటల అర్థపరిధిని, క్రీడాభిరామం, కన్యాశుల్కం, ఆంధ్రమహాభారతాలలోని కొన్ని సందర్భాలను, నేటి హైదరాబాదులోని చిన్న హోటళ్లను, క్రాఫ్ట్ బీరు గోష్ఠులను ఒకచోట చేర్చి చూసి, ఈ సుఖం ఏ షరతుల మీద సమర్థనీయమవుతుందో తేల్చే ప్రయత్నం ఇది.

కీలక పదాలు: విందు, పొత్తు, పూటకూళ్ల ఇల్లు, సహపంక్తి, పానగోష్ఠి, స్నేహం, సమానత.

ప్రస్తావన

నేటి నగరంలో నలుగురు స్నేహితులు కలవాలంటే ఎవరి ఇంటికో వెళ్లడం తగ్గిపోయింది. ఇరానీ హోటల్లో చాయ్ ముందు, మెస్సులో అరిటాకు ముందు, టిఫిన్ సెంటరు బయట నిలబడి, లేదా అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే మైక్రోబ్రూవరీలో బల్ల చుట్టూ కలుస్తున్నారు. ఈ అలవాటు గురించి మనకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఇది డబ్బుచేసిన తరం విలాసం. రెండు, ఇది ఎవరి ఇష్టం వారిది, ఇందులో నీతి ప్రసక్తే లేదు. మొదటి మాట సుఖాన్ని దోషంగా చూస్తుంది. రెండవ మాట సుఖాన్ని విచారణకు అతీతం చేస్తుంది. ఈ రెండూ అసలు ప్రశ్నను తప్పించుకుంటున్నాయి. కలిసి తినే చోట ఎవరు కూర్చున్నారు, ఎవరికి చోటు లేదు, ఖర్చు ఎవరి మీద పడుతోంది అన్నవి నైతిక ప్రశ్నలే. అయితే వాటిని అడిగినంత మాత్రాన ఆ సుఖం తగ్గిపోనక్కరలేదు.

మాటలు చెప్పే సంగతి

తెలుగులో ‘విందు’ అంటే భోజనం మాత్రమే కాదు, అతిథి కూడా. వచ్చిన మనిషి, అతనికి పెట్టిన భోజనం ఒకే మాటలో ఇమిడిపోయాయి. మనిషి లేని విందు లేదన్న భావన ఈ పదంలోనే ఉంది. అయితే విందులో ఒకరు పెట్టేవారు, ఒకరు తినేవారు. వారి మధ్య ప్రేమ ఎంత ఉన్నా, చెయ్యి పైన ఉన్నవారు ఒకరు, కింద ఉన్నవారు ఒకరు.

‘ఉప్పు’ విషయంలో ఈ భేదం మరింత స్పష్టం. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్నప్పుడు మనం చెప్పేది అన్నం పెట్టినవాడి పట్ల తిన్నవాడి విధేయతను. ఆరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ ఎనిమిదవ భాగంలో ఉప్పు గురించిన ఒక గ్రీకు సామెతను తలచుకుంటాడు. కలిసి తగినంత ఉప్పు తింటే గాని ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియరన్నది దాని భావం. అదే ఉప్పు, కాని అక్కడ అది సమానుల మధ్య పరిచయానికి గుర్తు. మన జాతీయంలో అది రుణానికి గుర్తు.

తెలుగులో సమానుల మధ్య భోజనానికి మాట లేదని దీని అర్థం కాదు. ఆ మాట ‘పొత్తు’. కూటమి, స్నేహం అనే అర్థాలతో పాటు ‘పొత్తున కుడుచు’ అనే ప్రయోగం కలిసి తినడాన్ని చెబుతుంది. ‘ఒకే కంచం, ఒకే మంచం’ అని మిత్రుల గురించి అనేదీ ఇందుకే. పోతన దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలకులతో చల్దులు తినే ఘట్టం తెలుగు పాఠకుడికి ఇంత ప్రియమైనది కావడానికి కారణం కూడా ఇదే. అక్కడ దేవుడు పెట్టేవాడూ కాదు, పెట్టించుకునేవాడూ కాదు. తోటివారి చల్దిలో పాలుపంచుకునే సంగడీడు. ఈ వ్యాసం అడిగే ప్రశ్నను ఇప్పుడు ఇలా చెప్పుకోవచ్చు: నేటి హోటలు బల్ల విందుకు వారసురాలా, పొత్తుకు వారసురాలా?

పూటకూళ్ల ఇల్లు: రూక ఇచ్చిన స్వేచ్ఛ

డబ్బిచ్చి తినడాన్ని తక్కువగా చూడటం మనకు అలవాటు. అన్నం అమ్ముకోకూడదన్న పాత భావన దాని వెనుక ఉంది. కాని క్రీడాభిరామం మరొక చిత్రాన్ని చూపుతుంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా కాకతీయుల ఓరుగల్లు వీధులు తిరుగుతారు. ఆ తిరుగుడులో లక్ష్మణవజ్ఝల పూటకూళ్ల ఇల్లు, అక్కడ ఒక రూకకు దొరికే కమ్మని భోజనం వర్ణనకు వస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఈ కావ్యం ముఖ్యమైన ఆధారాలలో ఒకటైంది. చరిత్రకారుడికి అక్కడ వంటకాలు, ధర కనిపిస్తాయి. నీతి విచారకుడికి మరొకటి కూడా కనిపించాలి. రూక చేతిలో ఉన్నవాడు ఎవరి దయకూ పాత్రుడు కానక్కరలేదు. తిని లేచిన తరువాత అతని మీద ఉప్పు రుణం లేదు.

స్నేహానికి ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో కలిస్తే ఒకరు ఆతిథేయి, మిగిలినవారు అతిథులు. హోటల్లో కలిస్తే అందరూ అతిథులే. ఇంటి పెద్దల ముందు మాట తగ్గించుకోవలసిన పనిలేదు, ఎవరి ఇల్లు చిన్నదో, ఎవరి ఇంట్లో ఏ కూర తినరో లెక్కకు రాదు. ‘వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే’ అన్న సామెత పంక్తిభోజనంలోని పక్షపాతాన్ని ఒప్పుకుంటుంది. హోటల్లో వడ్డించేవాడు ఎవరివాడూ కాడు. కాబట్టి అందరికీ సమానంగా పరాయివాడు.

ఈ సమానత దానంతట అది రాలేదు. పలనాటి వీరచరిత్ర సంప్రదాయంలో బ్రహ్మనాయుడి చాపకూడు ఒక మహాసంఘర్షణకు నేపథ్యమైంది. కలిసి తినడం అంతటి రాజకీయ చర్య. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, ఉపాహారశాలలు, హోటళ్లలో ప్రవేశానికి మతం, కులం, లింగం వంటి కారణాలతో ఆటంకం ఉండరాదని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. హోటలు బల్ల అంత చిన్నవిషయమైతే రాజ్యాంగంలో దానికి చోటు దొరికేది కాదు. ఆ తరువాత కూడా పల్లెల టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి కొనసాగిందన్నది మనకు తెలిసిన చరిత్రే. కులం అడగని బల్ల ముందు నలుగురు మిత్రులు నవ్వుకుంటూ కూర్చున్నప్పుడు వారు అనుభవిస్తున్నది ఎవరో పోరాడి సంపాదించినది. ఆ సంగతి వారు గుర్తుంచుకోకపోవచ్చు. గుర్తుంచుకోనక్కరలేనంత సహజంగా అది మారడమే ఆ పోరాటం కోరుకున్న ఫలం.

అయితే పూటకూళ్ల ఇంటికి మరో పార్శ్వం ఉంది. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ అన్నం అమ్ముకుని బతికే వితంతువు. గిరీశం ఆమె సొమ్ముతో తన సరదాలు తీర్చుకుంటాడు. మన నవ్వంతా గిరీశం మాటల చుట్టూ తిరుగుతుంది గాని, అతని విలాసానికి మూలధనం ఆ పొయ్యి దగ్గర పుట్టింది. పంక్తిలో ఎప్పుడూ కూర్చోని మనిషి శ్రమ మీద పంక్తి సాగుతుందన్న ఈ సత్యం నేటి వంటగదులకూ వర్తిస్తుంది.

పానగోష్ఠి: కల్లు, క్రాఫ్ట్ బీరు

భోజనం విషయంలో ఇంతవరకు అంగీకరించేవారు కూడా పానం దగ్గర ఆగుతారు. ఆ ఆగడానికి గట్టి కారణాలే ఉన్నాయి. ధర్మశాస్త్రాలు సురాపానాన్ని పంచ మహాపాతకాలలో చేర్చాయి. గమనించవలసినది అయిదవ పాతకాన్ని. మొదటి నాలుగూ చేసినవారితో సంసర్గమే ఆ అయిదవది. చెడు సాంగత్యం వల్ల వ్యాపిస్తుందని శాస్త్రకారులు భావించారు. మరోవైపు వాత్స్యాయనుడు నాగరకుడి వినోదాలలో గోష్ఠిని, పరస్పరం ఇళ్లలో జరుపుకునే పానగోష్ఠిని పేర్కొన్నాడు. ఒకే సంస్కృతి ఒకచోట నిషేధించినదాన్ని మరొకచోట నాగరక లక్షణంగా వర్ణించింది.

ఆంధ్రమహాభారతం ఈ విషయంలో నిషేధం కంటే లోతైన మాట చెబుతుంది. ఆదిపర్వంలో శుక్రుడు తన శిష్యుడు కచుడి బూడిద కలిసిన సురను తెలియక తాగుతాడు. ఆ తరువాతే మద్యాన్ని శపిస్తాడు. అక్కడి భయం మత్తు గురించి కంటే ఎక్కువగా, పాత్రలో ఏముందో తెలియకపోవడం గురించి. తిక్కన మౌసలపర్వంలో యాదవులు కలిసి తాగుతారు. సాత్యకి, కృతవర్మల మధ్య యుద్ధకాలపు పాత పగలు మాటలై బయటపడి, బంధుమిత్రులందరూ ఒకరినొకరు చంపుకుంటారు. కలిసి తాగడం దానంతటదే పొత్తు కాదనడానికి ఇంతకంటే పెద్ద నిదర్శనం లేదు. పానం లోపల ఉన్నదాన్ని పైకి తెస్తుంది. లోపల స్నేహం ఉంటే స్నేహం, పగ ఉంటే పగ.

ఆరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ తొమ్మిదవ భాగం చివర చెప్పినది దీనికి దగ్గరగా ఉంది. ఎవరికి ఏది జీవితసారంగా తోస్తుందో దాన్ని వారు మిత్రులతో కలిసి చేయగోరుతారు: కొందరు కలిసి తాగుతారు, కొందరు పాచికలాడుతారు, కొందరు వ్యాయామం, వేట, కొందరు తత్త్వచర్చ. కలిసి చేసేకొద్దీ ఒకరిలాంటివారు మరొకరవుతారు, మంచిలోనైనా చెడులోనైనా. మన సంసర్గ భావన దీనికి భిన్నం కాదు. తేడా ఏమిటంటే ఆరిస్టాటిల్ పానాన్ని, తత్త్వచర్చను ఒకే జాబితాలో ఉంచాడు. రెండూ ఒకే బల్ల దగ్గర జరగవచ్చునని మన అనుభవం చెబుతుంది. కన్యాశుల్కంలోని సారాదుకాణం రంగంలో వేర్వేరు శాఖలవారు ఒకచోట చేరి మతం గురించి, మోక్షం గురించి మాట్లాడుకుంటారు. గురజాడ వారిని వెక్కిరించాడు. అయినా అటువంటివారు అలా కలవగల చోటు మరొకటి ఆ ఊళ్లో లేదన్నదీ ఆ రంగంలో కనిపిస్తుంది.

క్రాఫ్ట్ బీరు ప్రియులు తమది తాగుడు కాదు, రుచి అంటారు. ఈ మాటను కొట్టిపారేయనక్కరలేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ పువ్వు, ఈస్టు, నీరు అనే నాలుగింటి పాళ్లు మార్చి, గోధుమ చేర్చి, వేయింపు పెంచి తయారుచేసిన రకాలను పోల్చి మాట్లాడుకోవడం ఒక శ్రద్ధ. భరతుడు రసాన్ని వివరించడానికి నానావ్యంజనాలతో కూడిన అన్నాన్ని ఆస్వాదించే సుమనస్సులను ఉదాహరించాడు. మంచి మనసు, ఏకాగ్రత లేనిదే రుచి లేదన్న ఆ సూచన ఇక్కడా చెల్లుతుంది. మత్తు ఎక్కేకొద్దీ రుచి తెలియదు కనుక, రుచి కోరినవాడు మితాన్ని బయటి నిషేధం లేకుండానే పాటించవలసి ఉంటుంది.

కాని ఇదే వాదనను కల్లుకూ వర్తింపజేయాలి. తాటికల్లు, ఈతకల్లు చెట్టు దిగిన వేళ నుంచే పులియడం మొదలవుతుంది. ఉదయపు తీపి సాయంత్రానికి పులుపవుతుంది. నిలవ ఉండదు, దూరం పోదు. కాబట్టి అది ఆ ఊరిది, ఆ పూటది. క్రాఫ్ట్ బీరు గొప్పగా చెప్పుకునే స్థానికత, తాజాదనం, చేతిపని అన్నీ గీతకార్మికుడి కుండలో ముందునుంచీ ఉన్నవే. అయినా ఒకదాని గురించి మాట్లాడేటప్పుడు ‘రుచి’ అంటాం, మరొకదాని గురించి ‘మత్తు’ అంటాం. కల్లు కాంపౌండ్లలో మత్తుమందులు కలిపిన కల్లు ప్రాణాలు తీసిన మాట నిజమే. అది శుక్రుడి కథలోని దోషం, పాత్రలో ఏముందో తాగేవాడికి తెలియనివ్వకపోవడం. దాన్ని కల్లు స్వభావంగా, పేదవాడి స్వభావంగా లెక్కించడం నీతి కాదు, వర్గాభిమానం.

బల్ల దగ్గర లేనివారు

ఈ చర్చ 1992ను దాటవేసి సాగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ అక్షరాస్యతా వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ స్త్రీలు సుఖాన్ని వ్యతిరేకించలేదు. మగవాళ్ల గోష్ఠి ఖర్చు తమ కూలిలోంచి, పిల్లల అన్నంలోంచి, తమ ఒంటి మీద దెబ్బలలోంచి చెల్లిస్తున్నామని చెప్పారు. పూటకూళ్లమ్మ అనలేకపోయిన మాట అది. బల్ల దగ్గర ఎంత సమానత ఉన్నా, దాని ధరను అక్కడ లేని మనిషి చెల్లిస్తుంటే అది పొత్తు కాదు.

బల్ల దగ్గర ఉన్నవారి మధ్య కూడా ధర ప్రశ్న ఉంది. వాత్స్యాయనుడు గోష్ఠికి విద్య, బుద్ధి, శీలం, వయస్సులతో పాటు విత్తంలోనూ సమానులు కావాలన్నాడు. నేటి మిత్రబృందంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫెలోషిప్పు కోసం ఎదురుచూసే పరిశోధకుడు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాడు ఒకే బల్ల దగ్గర ఉంటారు. బిల్లును తలా ఇంత అని పంచితే లెక్క సమానం, భారం అసమానం. ప్రతిసారీ ఒకరే చెల్లిస్తే పొత్తు మళ్లీ విందుగా మారి, పైచెయ్యి, కింది చెయ్యి తిరిగి వస్తాయి. దీనికి సూత్రం లేదు. కాని ఒక మర్యాద ఉంది: అందరిలో తక్కువ ఉన్నవాడి శక్తిని బట్టి చోటును ఎంచుకోవడం. బిల్లు వచ్చిన తరువాత చూపే ఔదార్యం కంటే, బయలుదేరే ముందు ‘ఈసారి మెస్సుకు పోదాం’ అనడంలో స్నేహం ఎక్కువ.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు షరతులు తేలుతున్నాయి. ఒకటి, ఆ సుఖం ఖర్చు బల్ల దగ్గర లేనివారి మీద పడకూడదు. ఇంట్లో ఉన్నవారు, వంటగదిలో ఉన్నవారు, తిరుగు ప్రయాణంలో దారిలో ఎదురయ్యేవారు అందరూ ఇందులో వస్తారు. రెండు, వద్దన్నవాడి చోటు అలాగే ఉండాలి. బీరు వద్దని నిమ్మసోడా తెప్పించుకున్న మిత్రుడి మాటకు అదే విలువ ఉన్నప్పుడే అక్కడివారిని కలిపింది స్నేహమని, పానం కాదని తెలుస్తుంది. మూడు, ఒకే పనికి ఒకే కొలత ఉండాలి. మైక్రోబ్రూవరీలో రసికత అనిపించినది తాటిచెట్టు కింద వ్యసనంగా కనిపిస్తే, లోపం కొలతలో ఉంది.

ఈ షరతులు నెరవేరిన చోట మిత్రగోష్ఠికి వేరే సమర్థన అవసరం లేదు. దానివల్ల పని చురుకవుతుందనో, పరిచయాలు పెరుగుతాయనో చెప్పడం స్నేహాన్ని ఆరిస్టాటిల్ తక్కువ రకంగా లెక్కించిన ప్రయోజన స్నేహానికి దించడమే అవుతుంది. మన సాహిత్య విమర్శ ఆకలిని గురించి, అన్నదానాన్ని గురించి విస్తారంగా రాసింది. సమానులు కలిసి తినే సుఖాన్ని గురించి రాసింది తక్కువ. చాపకూడు నుంచి రాజ్యాంగం దాకా కోరుకున్నది ఆకలి తీరడం మాత్రమే కాదు, పక్కపక్కన కూర్చుని తినగలగడం కూడా. ఆ కోరికను పూర్తిగా అర్థం చేసుకోవాలంటే, అది తీరిన చోట మనుషులు ఎలా ఉన్నారో, ఏం మాట్లాడుకున్నారో, ఎవరిని ఇంకా పిలవలేదో కూడా పరిశోధకులు చూడవలసి ఉంది.